ఆస్పత్రి మెట్లెక్కక ముందే: నగరవాసుల మానసిక ఆరోగ్యంపై పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

నగరాల్లో మానసిక ఆరోగ్యం గురించి, ముఖ్యంగా సమస్య ముదరకముందే ఏం చేయవచ్చన్న దాని గురించి ప్రశ్నలు పంపవలసిందిగా గత సంచికలో కోరాం. అందిన ఉత్తరాల్లో ఆరింటిని ఇక్కడ తీసుకున్నాం. రాసినవారి కోరిక మేరకు పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: మా కాలనీ సంక్షేమ సంఘానికి నేను కార్యదర్శిని. ఈ మధ్య మానసిక ఆరోగ్యం మాట వస్తే చాలు, నివారణ అంటున్నారు, అందరూ భాగస్వాములు కావాలంటున్నారు. వైద్యులను నియమించి, ఆస్పత్రుల్లో పడకలు పెంచవలసిన ప్రభుత్వం ఆ బరువును మా వంటి సంఘాల మీదికి నెట్టడం కాదా ఇది?
– విశ్రాంత ఉద్యోగి, దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్

సమాధానం: మీ అనుమానంలో న్యాయం ఉంది. వైద్యులు, మందులు, పడకల ఊసెత్తకుండా నివారణ గురించి మాత్రమే మాట్లాడే ప్రణాళికను ఏ నగరమూ ఒప్పుకోకూడదు. ప్రభుత్వం నడిపే లేదా ప్రభుత్వ నిధులతో నడిచే మానసిక వైద్య సేవలను పొందడం ప్రతి వ్యక్తి హక్కని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 18వ సెక్షను చెబుతోంది. అదే చట్టంలోని 29వ సెక్షను రుగ్మతలను నివారించే కార్యక్రమాలను రూపొందించి అమలు చేయవలసిన బాధ్యతను కూడా ప్రభుత్వం మీదే ఉంచింది. కాబట్టి ఒకదాన్ని చూపించి మరొకదాన్ని ఎగవేసే వీలు చట్టప్రకారం లేదు. డెంగీ ముసిరినప్పుడు ఆస్పత్రిలో పడకలూ వేస్తాం, ఇంటింటికీ తిరిగి నిల్వ నీళ్లూ పారబోయిస్తాం. ఒకటి చేస్తున్నాం కదా అని రెండోది మానుకోం.

ఇక లెక్క చూడండి. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య, నాడీ శాస్త్రాల సంస్థ (నిమ్హాన్స్) 2015-16లో 12 రాష్ట్రాల్లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం పెద్దవారిలో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక రుగ్మతతో బాధపడుతున్నారు. మహానగరాల్లో ఇది 15 శాతానికి చేరువలో ఉంది. మన రెండు తెలుగు రాష్ట్రాలూ ఆ పన్నెండులో లేవు గానీ, హైదరాబాద్ పరిస్థితి మిగతా మహానగరాల కంటే మెరుగ్గా ఉంటుందనుకోవడానికి నాకైతే కారణం కనిపించడం లేదు. కోటి మంది ఉండే నగరంలో పెద్దవారిలో పది శాతమే అనుకున్నా లక్షల మంది అవుతారు. దేశంలో మానసిక వైద్యుల సగటు లక్ష మందికి ఒకరు కూడా లేదు, 0.75 మాత్రమే. పీజీ సీట్లను ఈ ఏడాదే రెట్టింపు చేసినా, ఆ వైద్యులు చదువు ముగించి బస్తీల దాకా రావడానికి చాలా ఏళ్లు పడుతుంది. పైగా రుగ్మత ఉన్నవారిలో, దాని రకాన్ని బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్సే అందడం లేదని అదే సర్వేలో తేలింది. వైద్యుడు దొరకకపోవడం ఇందుకు ఒక కారణం. తమకున్నది జబ్బని తెలియకపోవడం, తెలిసినా చెప్పుకోవడానికి సిగ్గుపడటం కూడా తక్కువ కారణాలేమీ కావు. ఎర్రగడ్డ, వాల్తేరు అన్న పేర్లను ఎగతాళికి వాడుకునే మన ఊళ్లలో ఆ సిగ్గు ఎక్కడి నుంచి వచ్చిందో వేరే చెప్పనక్కరలేదు.

ఒక నగరం ఈ పనిని ఎలా చేసిందో చెప్పడానికి జర్మనీలోని న్యూరెంబర్గ్ మంచి ఉదాహరణ. సుమారు 5 లక్షల జనాభా ఉన్న ఆ నగరంలో 2001, 2002 సంవత్సరాల్లో కుంగుబాటు మీద నాలుగు వైపుల నుంచి ఒకేసారి పని జరిగింది. సాధారణ వైద్యులకు కుంగుబాటును గుర్తించడంలో, మందులు రాయడంలో శిక్షణ ఇచ్చారు. కుంగుబాటు ఎవరికైనా రావచ్చని, దానికి చికిత్స ఉందని గోడపత్రికల ద్వారా, సినిమా హాళ్లలో చిన్న ప్రకటనల ద్వారా ప్రజలకు చెప్పారు. ఉపాధ్యాయులు, చర్చి పాదరీలు, పోలీసులు, మందుల దుకాణాల వారు, వృద్ధుల సంరక్షకులు, అంటే రోజూ పదిమందితో మాట్లాడే వృత్తుల్లో ఉన్నవారు, ఎదుటి మనిషిలో మార్పును ఎలా గుర్తించాలో, గుర్తించాక ఎక్కడికి పంపాలో నేర్చుకున్నారు. అప్పటికే ఒకసారి ప్రాణం తీసుకోబోయిన వారికి, ఆపద వేళ నేరుగా సహాయం అందించే ఫోను నంబరున్న కార్డులిచ్చారు. ఇలాంటి కార్యక్రమం జరగని వుర్జ్‌బర్గ్ నగరంతో పోల్చి చూసినప్పుడు, న్యూరెంబర్గ్‌లో ఆత్మహత్యలు, ఆత్మహత్యా ప్రయత్నాలు కలిపి రెండేళ్లలో 24 శాతం తగ్గాయి. ఈ తగ్గుదల ఎక్కువగా ప్రయత్నాల్లో కనిపించిందన్న సంగతి కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. అయినా ఒక్కొక్క ప్రయత్నం వెనుక ఒక కుటుంబం ఉంటుంది.

ఆ నాలుగు పనుల్లో ఏ ఒక్కదాన్నీ విడిగా చేసి ఉంటే ఇంత ఫలితం వచ్చేదని నేను అనుకోను. పాదరీ గుర్తించి పంపిన మనిషిని చూడటానికి శిక్షణ పొందిన వైద్యుడు ఉండాలి. ఆ వైద్యుడి దగ్గరకు వెళ్లడానికి సిగ్గుపడని సమాజం ఉండాలి. మీ సంఘం మానసిక వైద్యశాల నడపవలసిన అవసరం లేదు. మీ కాలనీలో ఒంటరిగా ఉంటున్న పెద్దవారు ఎవరు, వాకింగ్‌కు రోజూ వచ్చే మనిషి రెండు వారాలుగా ఎందుకు రావడం లేదు అన్నది వాచ్‌మన్‌కు, ఇస్త్రీ బండి అతనికి, మీకు తెలిసినంతగా ఏ ప్రభుత్వ శాఖకూ తెలియదు. ఆ తలుపు తట్టడం మీ పని. తట్టిన తర్వాత ఆ మనిషిని చూసే దవాఖానా ఉండేలా చేయడం ప్రభుత్వం పని. అది లేనప్పుడు సంఘం తరఫున వినతిపత్రం ఇచ్చి, వచ్చేదాకా అడగడం కూడా భాగస్వామ్యంలో భాగమే.

ప్రశ్న: మా దవాఖానాకు వచ్చే ఆడవాళ్లలో చాలామంది తలనొప్పి, నీరసం, నిద్ర పట్టకపోవడం అంటూ నెలల తరబడి తిరుగుతారు. బీపీ, షుగరు, థైరాయిడ్ పరీక్షల్లో ఏమీ తేలదు. బీ కాంప్లెక్స్ మాత్రలు ఇచ్చి పంపుతున్నాం. క్యూ ఎప్పుడూ గుమ్మం దాటి ఉండే చోట మేం ఇంకేం చేయగలం?
– స్టాఫ్ నర్సు, బస్తీ దవాఖానా, హైదరాబాద్

సమాధానం: ఈ ప్రశ్న అడిగినందుకు మీకు కృతజ్ఞతలు, అమ్మా. నగరంలో కుంగుబాటు మొదట వచ్చి కూర్చునేది మీ బల్ల ఎదుటే. ‘నాకు దిగులుగా ఉంది’ అని ఎవరూ టోకెన్ తీసుకోరు; తల బరువుగా ఉందంటారు, గుండె దడ అంటారు, ఒళ్లంతా గుంజుతోందంటారు.

మీకు ఉన్న సమయంలోనే రెండు ప్రశ్నలు అడగవచ్చు. గత రెండు వారాల్లో ఎక్కువ రోజులు మనసు దిగులుగా, ఏ ఆశా లేనట్టుగా అనిపించిందా? ఇంతకుముందు ఇష్టంగా చేసే పనుల మీద ఆసక్తి పోయిందా? వైద్యులు ప్రపంచమంతటా వాడే ప్రశ్నావళిలో మొదటి రెండూ ఇవే. బీపీ పట్టీ చుట్టి గాలి కొడుతున్నప్పుడు, తలెత్తి ముఖం చూస్తూ అడిగితే చాలు. అయితే పక్కన అత్తగారో భర్తో నిలబడి ఉంటే జవాబు రాదు. ‘బరువు చూడాలి, లోపలికి రామ్మా’ అని ఒక్క నిమిషం విడిగా తీసుకెళ్లండి. రెండింటికీ అవునని వస్తే, బతకాలని లేదన్న ఆలోచన ఎప్పుడైనా వచ్చిందా అని కూడా నెమ్మదిగా, సూటిగా అడగండి. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం చాలామంది సిబ్బందిలో ఉంది. అది నిజం కాదు. అడిగిన మనిషి దొరికాక చాలామందికి గుండె తేలికపడుతుంది.

ఆ తర్వాతి అడుగు మీ వైద్యాధికారిది. తేలికపాటి, మధ్యస్థాయి కుంగుబాటుకు శిక్షణ పొందిన ఎంబీబీఎస్ వైద్యులు చికిత్స మొదలుపెట్టవచ్చు. ఇది కొత్త సంగతి కాదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులకే శిక్షణ ఇచ్చి పనిచేయించడాన్ని నిమ్హాన్స్ 1980లలో మన పొరుగునే ఉన్న బళ్లారి జిల్లాలో ఆచరణలో చూపించింది. దాని ఆధారంగానే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. అప్పుడు దేశంలో ఎంచుకున్న తొలి నాలుగు జిల్లాల్లో మన మెదక్ కూడా ఉంది. మీ వైద్యాధికారికి ఆ శిక్షణ అందకపోయి ఉంటే జిల్లా మానసిక ఆరోగ్య బృందాన్ని లిఖితపూర్వకంగా అడగమని చెప్పండి. ఈలోగా ఫోను ద్వారా మానసిక సహాయం అందించే, 14416 నంబరు గల టెలీ మానస్ ఉంది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన ఈ ఉచిత సేవలో తెలుగులో మాట్లాడవచ్చు. నంబరు కాగితం మీద రాసిచ్చి పంపితే ఆమె ఇంటికి వెళ్లి చేస్తుందన్న నమ్మకం లేదు. వీలైతే మీ దగ్గరే, మీ ఎదుటే మొదటిసారి ఫోను కలిపించండి.

మీ క్యూ సంగతి నేను మరచిపోలేదు. మాట్లాడటానికి ముప్పావు గంట పడుతుంది, అది మీ దగ్గర లేదు. జింబాబ్వే రాజధాని హరారేలో ఇదే ఇబ్బంది వచ్చింది. డిక్సన్ చిబాండా అనే మానసిక వైద్యుడు 2006లో ఎంబరే అనే పేట నుంచి 14 మంది అమ్మమ్మల వయసు స్త్రీలను ఎంచుకొని, ఎదుటివారి సమస్యను వినడంలో, దాన్ని ముక్కలు చేసి ఒక్కొక్కటిగా పరిష్కరించుకునేలా నడిపించడంలో శిక్షణ ఇచ్చారు. క్లినిక్ బయట చెట్టు నీడన ఒక చెక్క బెంచీ వేసి, అక్కడ వారు మాట్లాడేవారు. తర్వాత 24 క్లినిక్‌లలో జరిపి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, ఆరు నెలల తర్వాత కూడా కుంగుబాటు లక్షణాలు మిగిలినవారు మామూలు చికిత్స పొందిన వర్గంలో దాదాపు సగం మంది ఉండగా, బెంచీ మీద కూర్చున్న వర్గంలో 14 శాతం మందే ఉన్నారు. మన బస్తీల్లో పొదుపు సంఘాల పెద్దక్కలు ఉన్నారు. వారిలో మాట దాచగలిగిన వారిని ఎంచి, శిక్షణ ఇచ్చి, గౌరవ వేతనం ఇచ్చి, వారానికొకసారి నిపుణుడు వారి పనిని చూసే ఏర్పాటు చేస్తే ఇక్కడా ఇది జరుగుతుందని నా నమ్మకం. ఆ వేతనం, ఆ పర్యవేక్షణ లేకుండా ఇప్పటికే తల మునకలుగా ఉన్న ఆశా కార్యకర్తల నెత్తిన దీన్ని కూడా వేస్తే మాత్రం, రెండు పనులూ చెడతాయి.

ప్రశ్న: నేను ఒక రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలో లెక్చరర్‌ని. ఇంటర్ ఫలితాల వారం వస్తోందంటే మాకు కూడా నిద్ర ఉండదు. కౌన్సెలర్‌ను పెడితే సరిపోతుందా?
– లెక్చరర్, గుంటూరు

సమాధానం: సరిపోదు, కానీ పెట్టకుండా ఉండటానికి ఇక వీల్లేదు. విశాఖపట్నంలో నీట్‌కు సిద్ధమవుతున్న ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న దేశంలోని విద్యాసంస్థలన్నింటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలు అర్హత గల కౌన్సెలర్‌ను నియమించాలి. మార్కులను బట్టి పిల్లలను సెక్షన్లుగా విడగొట్టడం, అందరి ముందు అవమానించడం మానుకోవాలి. సిబ్బందికి ఏటా కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. హాస్టళ్లలో, తరగతుల్లో టెలీ మానస్ వంటి సహాయ నంబర్లు కనిపించేలా రాయాలి. తెలుగు నేల మీద పోయిన ఒక బిడ్డ ప్రాణం వల్ల దేశమంతటికీ వచ్చిన ఈ ఆదేశాలు మన కాలేజీల్లోనే అమలు కాకపోతే అంతకంటే బాధాకరమైన విషయం మరొకటి ఉండదు.

ఫలితాల రోజు ఏం చేయాలన్నది మీరూ వార్డెనూ తల్లిదండ్రులూ ముందే కూర్చొని తేల్చుకోవలసిన విషయం. ఆ రోజు పిల్లలు చాలావరకు ఇళ్లలో ఉంటారు కాబట్టి బాధ్యత తీరిందనుకోవద్దు. తప్పుతారని మీకు అనుమానం ఉన్న పిల్లల జాబితా మీ దగ్గర ఎలాగూ ఉంటుంది. ఫలితాలకు ముందురోజే ఆ తల్లిదండ్రులకు ఫోను చేసి, రేపు బిడ్డను ఒంటరిగా వదలవద్దని, అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్ష కొద్ది వారాల్లోనే ఉంటుందని, ఏడాది వృథా కాదని, పక్కింటి వారి ఎదుట మార్కుల ప్రసక్తి తేవద్దని చెప్పండి. ఫలితాలు వచ్చిన సాయంత్రం పిల్లవాడితోనే మాట్లాడండి. ‘పోయిందేమీ లేదురా, సోమవారం నా దగ్గరకు రా, ఫిజిక్స్ మొదటి నుంచి చూద్దాం’ అని లెక్చరర్ నోటి నుంచి వచ్చే మాటకు ఉన్న విలువ మరే నిపుణుడి మాటకూ ఉండదు.

ఇందులో పత్రికలకూ పాత్ర ఉంది. ఆత్మహత్యల వార్తలను మొదటి పేజీలో ప్రముఖంగా వేయవద్దని, ఏ విధంగా ప్రాణం తీసుకున్నారో వివరించవద్దని ప్రెస్ కౌన్సిల్ 2019లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ర్యాంకుల ప్రకటనలతో నిండిన పేజీ పక్కనే అలాంటి వార్తను వేయడం గురించి మేం పత్రికల వాళ్లం ఇంకా గట్టిగా ఆలోచించాలి.

ప్రశ్న: మా ఆయన ఆటో నడుపుతారు. ఫోనులో యాప్‌ల ద్వారా తెచ్చిన అప్పులు పెరిగిపోయాయి. వాళ్లు మా బంధువులకు ఫోన్లు చేసి పరువు తీస్తున్నారు. ఆయనకు రాత్రిళ్లు నిద్ర లేదు, ‘నేను లేకపోతేనే మీకు మంచిది’ అంటున్నారు. డాక్టరు దగ్గరకు రమ్మంటే నాకేమన్నా పిచ్చా అని కోప్పడుతున్నారు.
– గృహిణి, వరంగల్

సమాధానం: ఈ ఉత్తరం అందిన రోజే ఈ వివరాలను ఆ సోదరికి విడిగా పంపాం, ఇలాంటి పరిస్థితిలో మరెవరైనా ఉండవచ్చునని ఇక్కడ కూడా ఇస్తున్నాం.

‘నేను లేకపోతేనే మంచిది’ అన్న మాటను కోపంలో అన్న మాటగా తీసిపారేయకండి. ఆయనను ఒంటరిగా ఉండనివ్వకండి. ఆయన మాట వినే అన్నయ్యనో మేనమామనో స్నేహితుడినో ఈ రోజే ఇంటికి పిలవండి. టెలీ మానస్ నంబరు 14416కు బాధపడుతున్న మనిషే ఫోను చేయాలన్న నియమం లేదు, మీరు చేసి ఏం చేయాలో అడగవచ్చు. ఆపద ముంచుకొస్తోందనిపిస్తే 112కు ఫోను చేయండి లేదా దగ్గరలోని ప్రభుత్వ ఆస్పత్రి అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి. పోలీసు కేసవుతుందని వెనుకాడవద్దు. ప్రాణం తీసుకోబోయిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగా భావించాలని, శిక్షించకూడదని మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షను చెబుతోంది. ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత శిక్షాస్మృతిలోని 309వ సెక్షను 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో లేదు.

డాక్టరు మాట ఎత్తితే కోపం వస్తోంది కాబట్టి ముందు అప్పు మాట ఎత్తండి. అప్పులిచ్చే యాప్‌లు ఫోనులోని కాంటాక్టులను వాడుకోకూడదని రిజర్వు బ్యాంకు 2022లో నిబంధన పెట్టింది. వారు చేస్తున్నది తప్పు, మీ ఆయన చేసింది నేరం కాదు; ఈ మాట ఆయనకు స్పష్టంగా వినిపించాలి. వచ్చిన మెసేజ్‌లు, కాల్స్ వివరాలు చెరపకుండా ఉంచి, సైబర్ నేరాల నంబరు 1930కి ఫోను చేసి ఫిర్యాదు ఇవ్వండి. ఆ ఫిర్యాదుకు వెళ్లిన దారిలోనే, నిద్ర పట్టడం లేదన్న పేరుతో, వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లడం తేలికవుతుంది.

జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. వారిలో పదిమందికి ఏడుగురు పురుషులు. నాలుగో వంతుకు పైగా రోజుకూలీలు. ఈ మనుషులు దవాఖానాకు రారు. ఆటో స్టాండులో, లేబర్ అడ్డాలో, వైన్‌షాపు దగ్గర, బ్యాంకు కౌంటరు దగ్గర ఉంటారు. అప్పు బాధను ఆరోగ్య శాఖ ఒక్కటే తీర్చలేదు. పోలీసులు, బ్యాంకులు, ఆటో యూనియన్లు ఈ పనిలో కూర్చోకపోతే నగరం సగానికి పైగా ప్రమాదాన్ని చూడనట్టే.

ప్రశ్న: మా ఐటీ సంస్థలో నెలకోసారి యోగా, ధ్యానం తరగతులు పెడుతున్నారు. ఉద్యోగుల మానసిక ఆరోగ్యానికి ఇది చాలా?
– మాదాపూర్, హైదరాబాద్

సమాధానం: యోగా మంచిదే. కానీ అర్ధరాత్రి కాల్స్, పూర్తికాని పనికి మోయలేని గడువులు అలాగే ఉంచి పెట్టే తరగతి వల్ల పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. పని వేళలు, మేనేజర్ల ప్రవర్తన మార్చడం సంస్థ చేతిలో ఉన్న నివారణ. మీ ఆరోగ్య బీమా పత్రం కూడా ఒకసారి చదవండి: శారీరక వ్యాధులతో సమానంగా మానసిక వ్యాధులకూ బీమా వర్తించాలని మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 21వ సెక్షను చెబుతోంది.

ప్రశ్న: మా డివిజన్‌లో పొదుపు సంఘాల సమాఖ్య తరఫున ఏదైనా మొదలుపెట్టాలని ఉంది. డబ్బు పెద్దగా లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి, పని జరుగుతోందని ఎలా తెలుస్తుంది?
– మహిళా సమాఖ్య నాయకురాలు, విజయవాడ

సమాధానం: ర్యాలీతో, ఫ్లెక్సీలతో మాత్రం మొదలుపెట్టకండి. వార్డు సచివాలయంలోని ఆరోగ్య కార్యదర్శి, పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యులు, మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) రిసోర్స్ పర్సన్లు (ఆర్పీలు), పోలీస్ స్టేషన్ నుంచి ఒకరు, దగ్గరి హైస్కూలు హెచ్‌ఎం, బ్యాంకు శాఖ నుంచి ఒకరు, రెండు మూడు మందుల దుకాణాల వారు నెలకొకసారి ఒక గంట కూర్చునే ఏర్పాటు చేయండి. మొదటి సమావేశంలో ఒక్క పేజీ తయారుచేయాలి: ఏ ఇబ్బందికి ఎవరి దగ్గరకు పంపాలి, వారు ఏ రోజు, ఏ వేళకు ఉంటారు, ఫోను నంబరు ఏమిటి. పేజీ అచ్చు వేయించక ముందు అందులోని ప్రతి నంబరుకూ మీరే ఫోను చేసి చూడండి. సహాయం పొందుతున్నవారి పేర్లు మాత్రం ఎప్పుడూ వాట్సాప్ గ్రూపుల్లో పెట్టవద్దు. ఒక్కసారి మాట బయటికి పొక్కితే ఆ వీధి నుంచి మళ్లీ ఎవరూ రారు.

కొలత గురించి మీరు అడగడం చాలా సంతోషం కలిగించింది. న్యూయార్క్ నగరం 2015లో నాలుగేళ్లకు 85 కోట్ల డాలర్లతో థ్రైవ్ ఎన్‌వైసీ అనే మానసిక ఆరోగ్య కార్యక్రమాన్ని ప్రకటించింది. ఉద్దేశం గొప్పది, భాగస్వాములూ చాలామంది. కానీ ఎంతమందికి శిక్షణ ఇచ్చాం, ఎన్ని ఫోన్లు వచ్చాయి అన్న లెక్కలే తప్ప, ఎంతమంది ఆరోగ్యం మెరుగుపడింది అన్న ప్రశ్నకు సరైన జవాబు దొరకలేదని కొన్నేళ్లకే తీవ్ర విమర్శలు వచ్చాయి. అంత డబ్బున్న చోటే అలా జరిగినప్పుడు మనం ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

సమావేశాలెన్ని జరిగాయి, కరపత్రాలెన్ని పంచాం అన్నవి మీ పుస్తకంలో రాయవద్దు. మూడు అంకెలు రాయండి: ఈ నెల ఎంతమందిని వైద్యుడి దగ్గరకు పంపారు, వారిలో ఎంతమంది నిజంగా చేరారు, చేరినవారిలో రెండోసారి కూడా వెళ్లినవారు ఎంతమంది. ఇరవై మందిని పంపితే ఐదుగురే చేరారని తేలితే, మిగిలిన పదిహేను మంది ఇళ్లకు ఆర్పీ వెళ్లి కారణం అడగాలి. బస్సు ఛార్జీ లేకనా, ఆ రోజు కూలి పోతుందనా, అక్కడ ఎవరైనా చూస్తారనా? ఆ జవాబులను తర్వాతి నెల సమావేశంలో బల్ల మీద పెట్టి, ఆరోగ్య కేంద్రంలో సాయంత్రం వేళ ఒక రోజు కేటాయించాలా, వైద్యుడినే వార్డు సచివాలయానికి రప్పించాలా అన్నది ఆ గంటలోనే తేల్చుకోండి.